అక్టోబరుకు ముందు: పైథాన్ డాక్స్‌లో చిన్న తప్పులు దిద్దేవాళ్లకు జాగ్రత్తలు

అక్టోబరు వస్తోందంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష డాక్యుమెంటేషన్ (క్లుప్తంగా డాక్స్, అంటే వాడుక వివరాల పేజీలు) చూసుకునేవాళ్లకు పని పెరుగుతుంది. 3.9 నుంచి కొత్త వెర్షన్ ఏటా ఆ నెలలోనే విడుదలవుతోంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు మార్పులు పంపమని ప్రోత్సహించే హ్యాక్‌టోబర్‌ఫెస్ట్ కూడా అప్పుడే. ఓపెన్ సోర్స్‌లోకి రావాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలకు సీనియర్లు సాధారణంగా చెప్పే మాట ఒకటుంది: "ముందు డాక్స్‌లో ఏదైనా చిన్న తప్పు దిద్దు, అలా మొదలుపెట్టు." మంచి సలహానే, నేనూ అలాగే మొదలుపెట్టాను. కానీ 2020 అక్టోబరులో అందులో ఇచ్చే టీషర్ట్ కోసం అక్కర్లేని మార్పులతో పుల్ రిక్వెస్టులు (మన మార్పును చేర్చుకోమని పంపే అభ్యర్థనలు) వరదలా వచ్చిపడ్డాయి. చివరికి, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లో చేసినవే లెక్కలోకి వచ్చేలా నిబంధన మార్చాల్సి వచ్చింది. మన వల్ల ఎవరికీ అంత తలనొప్పి రాకూడదంటే ఫైల్ తెరవకముందే కొన్ని సంగతులు తెలిసి ఉండాలి.

పైథాన్ డాక్స్ ఒకప్పుడు లేటెక్ అనే రాత పద్ధతిలో ఉండేవి. 2008లో వచ్చిన 2.6 నుంచి అవి రీస్ట్రక్చర్డ్‌టెక్స్ట్ అనే పద్ధతిలో ఉన్నాయి. స్ఫింక్స్ అనే టూల్ వాటిని వెబ్ పేజీలుగా మారుస్తుంది. మనలో చాలామందికి చేయి తిరిగింది మార్క్‌డౌన్ అనే ఇంకో రాత పద్ధతిలో. ఆ అలవాటే ఇక్కడ మొదటి గండం. మార్క్‌డౌన్‌లో కోడ్ ముక్కకు అటూ ఇటూ ఒక్కో బ్యాక్‌టిక్ (`) పెడితే చాలు. ఇక్కడ రెండేసి పెట్టాలి. ఒక్కటే పెడితే అది కోడ్‌లా కాకుండా వాలు అక్షరాల్లో కనబడుతుంది. ఎర్రర్ రాదు కాబట్టి తప్పు చేశామని కూడా తెలియదు.

అంతకంటే ప్రమాదమైనది కోలన్. గమనిక పెట్టాలంటే రెండు చుక్కలు, ఒక ఖాళీ, నోట్ అనే మాట, ఆ తర్వాత రెండు కోలన్లు రాయాలి (.. note::). చివర ఒక్క కోలన్ తగ్గితే స్ఫింక్స్ దాన్ని కామెంట్ అనుకుంటుంది. కింద రాసిన గమనిక మొత్తం పేజీలోంచి మాయమవుతుంది. అది హెచ్చరిక అయితే? ఫలానా ఫంక్షన్‌ను నమ్మకం లేని డేటా మీద వాడొద్దు అని ఎవరో శ్రద్ధగా రాసిన మాట, చదివేవాళ్లకు అసలు చేరదు. అందుకే కోలన్లు ఉన్న లైను మీద చేయి వేసినప్పుడల్లా పేజీని బిల్డ్ చేసి (అంటే స్ఫింక్స్‌తో వెబ్ పేజీగా మార్చి), ఆ గమనిక కనబడుతోందో లేదో కళ్లతో చూడండి.

రెండు హైఫన్ల సంగతి కూడా అలాంటిదే. మామూలు వాక్యంలో రెండు హైఫన్లు పక్కపక్కన రాస్తే స్ఫింక్స్ వాటిని కలిపి ఒక పొడవాటి గీతగా మార్చేస్తుంది. నిటారు కోట్‌లను వంపు కోట్‌లుగా మారుస్తుంది. చదవడానికి అందంగానే ఉంటుంది. కానీ కమాండ్ ఆప్షన్‌ను రెండేసి బ్యాక్‌టిక్‌ల మధ్య పెట్టకుండా వదిలేస్తే, దాన్ని పేజీలోంచి కాపీ చేసుకున్న కుర్రాడికి టెర్మినల్‌లో ఎర్రరే వస్తుంది. అక్షరం అక్షరం సరిచూసుకున్నా తేడా కనిపెట్టలేడు. తనకే ఏదో రాదనుకుని లాప్‌టాప్ మూసేస్తాడు. నాకు ఈ చిన్న తప్పుల మీద ఇంత పట్టుదల ఉండటానికి కారణం ఆ కుర్రాడే. బ్యాక్‌స్లాష్‌నూ గుర్తుంచుకోండి: కోడ్ గుర్తుల బయట రాసిన బ్యాక్‌స్లాష్ పేజీలో కనబడదు, దాని పక్క అక్షరం ఒక్కటే మిగులుతుంది.

తప్పులా కనబడేదల్లా తప్పు కాదు. పైథాన్ ట్యుటోరియల్ ఎనిమిదో అధ్యాయంలో, వైల్ ట్రూ తర్వాత కోలన్ లేకుండా ప్రింట్ రాసిన లైను ఒకటుంది. సింటాక్స్ ఎర్రర్ (కోడ్ రాసే నియమం తప్పితే వచ్చేది) ఎలా వస్తుందో చూపించడానికే అలా రాశారు. అక్కడ కోలన్ పెడితే పాఠమే పోతుంది. కాబట్టి ఉదాహరణ కోడ్‌ను దిద్దే ముందు దాని పైనా కిందా ఉన్న పేరాలు పూర్తిగా చదవండి. మూడు బాణం గుర్తులతో (>>>) మొదలయ్యే ఉదాహరణలైతే సొంతంగా నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌తో పోల్చండి.

కొత్తవాళ్లకు తట్టని విషయం అనువాదాలు. 2017లో పెప్ 545 అనే పైథాన్ ప్రతిపాదన పత్రం వచ్చాక జపనీస్, ఫ్రెంచ్, కొరియన్ లాంటి భాషల్లో డాక్స్ అధికారికంగా వస్తున్నాయి. అనువాదకుల ఫైళ్లలో ఇంగ్లిష్ పేరాయే తాళంచెవి. దాంట్లో ఒక్క బ్యాక్‌టిక్ చేరినా అది వేరే పేరా కిందే లెక్క. అనువాదకుడు మళ్లీ వచ్చి సరిచూసేదాకా ఆ పేరా వాళ్ల పేజీలో ఇంగ్లిష్‌లోనే కనబడుతుంది. అందుకని నిజమైన తప్పును వదిలేయమని కాదు. "ఇలా రాస్తే ఇంకా బాగుంటుంది" అనిపించి మాటలు మార్చేముందు మాత్రం వాళ్లను తలుచుకోండి.

హెడ్డింగ్‌ల జోలికి వెళ్తే ఇంకాస్త ఆలోచించాలి. హెడ్డింగ్ మాటలు మారితే ఆ భాగానికి నేరుగా వచ్చే లింకు కూడా మారిపోవచ్చు. అప్పుడు బయట ఎక్కడెక్కడో ఇచ్చిన లింకులు పేజీ పైభాగానికే వచ్చి ఆగుతాయి. హెడ్డింగ్ పొడవు పెరిగితే కింద ఉన్న గీతను కూడా అంత పొడవు పెంచాలి, లేకపోతే బిల్డ్‌లో వార్నింగ్ వస్తుంది.

ఇక పని చేసే పద్ధతి. మీరు చూసిన పేజీ ఏ వెర్షన్‌దో ముందు పైన చూడండి. 3.8 లాంటి కాలం తీరిన వెర్షన్‌లకు డాక్స్ మార్పులు తీసుకోరు. అదే తప్పు మెయిన్ బ్రాంచ్‌లో (కొత్త మార్పులు చేరే ప్రధాన ప్రతిలో) ఇంకా ఉందా, ఎవరైనా అప్పటికే పుల్ రిక్వెస్ట్ పెట్టారా వెతకండి. ఈ ఫైళ్లు ఉండే గిట్‌హబ్ సైట్‌లో కనబడే ప్రివ్యూను నమ్మొద్దు, స్ఫింక్స్ సొంత గుర్తులు దానికి తెలియవు. డాక్ ఫోల్డర్‌లో మేక్ హెచ్‌టీఎమ్‌ఎల్ (make html) అనే కమాండ్ నడిపి, వార్నింగ్‌లు చదివి, పేజీని బ్రౌజర్‌లో తెరవండి. ఆ తర్వాత మేక్ చెక్ (make check) కూడా నడపండి, ఒంటి బ్యాక్‌టిక్ లాంటివి అది పట్టుకుంటుంది.

ఎడిటర్ సెట్టింగ్‌లు మాత్రం తప్పకుండా చూసుకోండి. ఒక ప్రాజెక్టులో నేను ఒకే ఒక్క కోలన్ దిద్ది సేవ్ చేస్తే, ఎడిటర్ ఫైల్ అంతటా లైన్ల చివరి ఖాళీలను తీసేసింది. డిఫ్ (ఏయే లైన్లు మారాయో చూపే జాబితా) చూసుకోకుండానే పంపేశాను. ఒక్క లైను చూడాల్సిన రివ్యూయర్ ఫైల్ మొత్తం చూడాల్సి వచ్చింది. ఆయన ఓపిగ్గా సమాధానం రాశారు కానీ, పోయిన ఆయన సాయంత్రాన్ని నేను తిరిగి ఇవ్వలేను. ఇప్పుడు పంపే ముందు డిఫ్‌ను పైనుంచి కిందిదాకా చదవనిదే బటన్ నొక్కను.

ఒకే రకం తప్పు ఒకే పేజీలో పదిచోట్ల ఉంటే అన్నీ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో పెట్టండి, పది తెరవొద్దు. లైసెన్స్ ఒప్పందం మీద సంతకం చేయమని బాట్ (తనంతట తానే జవాబిచ్చే ప్రోగ్రామ్) అడుగుతుంది, అది ముందే పూర్తి చేసుకోండి. పాత వెర్షన్‌లలోకి మార్పును తీసుకెళ్లే పని విలీనం చేసేవాళ్లు చూసుకుంటారు. రివ్యూలో మార్పులు అడిగితే కొత్త కమిట్‌గా (నమోదైన మార్పుగా) చేర్చండి, ఫోర్స్ పుష్ (ముందు పంపినదాన్ని చెరిపి దాని మీద రాయడం) చేయొద్దు. విలీనం చేసేటప్పుడు ఎలాగూ అన్నిటినీ కలిపి ఒక్కటి చేస్తారు. విడుదల రోజుల్లో జవాబు ఆలస్యం కావచ్చు. నెల దాటినా ఎవరూ పలకకపోతే అక్కడే మర్యాదగా ఒక్క వాక్యం రాసి గుర్తుచేయండి.