చెక్క కుందేలు: రంగు వేశాక బయటపడే తప్పులు, వాటికి మందు

ఈస్టర్‌కి గుమ్మం పక్కన పెట్టే చెక్క కుందేలు చూడ్డానికి తేలిక పనే. పైన్ పలక మీద బొమ్మ గీసి, జిగ్‌సా రంపంతో కోసి, తెల్ల రంగు వేసి, మెడకి రిబ్బన్ కట్టాలి, అంతే. అమెరికాలో ఉన్న మనవాళ్లు పిల్లలతో కూర్చుని చేసేది ఎక్కువగా ఇదే. బొమ్మ చెడితే అందరూ ముందు రంగు డబ్బానే తిడతారు. కానీ చాలాసార్లు తప్పు రంగులో ఉండదు, దాని కింద ఉంటుంది.

తెల్ల రంగు మీద పసుపు మరకలు తేలుతున్నాయి

మరక గుండ్రంగా ఉందంటే దాని కింద చెక్క ముడి ఉన్నట్టే. పైన్‌లో ముడి దగ్గర జిగురు పేరుకుని ఉంటుంది. అది నీళ్లతో కలిపే రంగులోంచి మెల్లగా పైకి వస్తుంది. పైన ఇంకో కోటు వేస్తే ఆ పూటకి కనపడదు, నాలుగు రోజులు ఎండ తగిలితే మళ్లీ తేలుతుంది. ఎన్ని కోట్లు వేసినా ఇదే వరస.

దీన్ని ఆపేది షెల్లాక్ ప్రైమర్, అంటే రంగు కంటే ముందు వేసే పూత. ఏటికొప్పాక బొమ్మలకి ఆ నిగనిగలాడే రంగు పట్టించే లక్క నుంచే షెల్లాక్ కూడా తయారవుతుంది. మరక ఉన్న చోట శాండ్‌పేపర్‌తో రుద్ది, ముడి మీద ఈ ప్రైమర్ రెండు కోట్లు వేసి, ఆరాక తెల్ల రంగు వేయండి. ఇందులో ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. బ్రష్ నీళ్లతో కడిగితే శుభ్రం కాదు. ముడిలోంచి జిగురు ఇంకా బంకగా కారుతుంటే ఆ పలకతో కుస్తీ పట్టొద్దు, వేరేది తీసుకోండి. లేదంటే దాన్ని గోధుమ రంగు కుందేలు చేసేయండి, ఎవరికీ అనుమానం రాదు!

చెవి విరిగింది

చెక్కలో నార ఏ దిక్కుగా పోతుందో చూడకుండా బొమ్మ గీస్తే ఇలా అవుతుంది. నార చెవికి అడ్డంగా ఉంటే అంత సన్నటి ముక్క చిన్న దెబ్బకే విరుగుతుంది. కాబట్టి చెవుల పొడవు నార వెంట వచ్చేలా గీయాలి. ఒక చెవి నిలువుగా, ఇంకోటి పక్కకి వాలి ఉండాలంటే వాలిన చెవిని విడిగా కోసి అతికించడం మేలు. కొండపల్లి కళాకారులు కూడా బొమ్మల చేతులూ కాళ్లూ విడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకుతారు.

విరిగిన చెవిని పారేయకండి. నార వెంట విరిగిన చెక్క వుడ్ గ్లూతో గట్టిగా అతుక్కుంటుంది. జిగురు రాసి, రబ్బర్ బ్యాండ్లతో బిగించి, ఒక రోజు కదపకుండా ఉంచండి. సన్న చెవులే కావాలంటే ప్లైవుడ్ వాడండి. దానిలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి కాబట్టి అంత సులువుగా విరగదు.

మొదటి కోటు ఆరాక గరుకుగా ఉంది

నీటి తడికి చెక్క మీది నూగు లేస్తుంది, అంతే. టెన్షన్ అక్కర్లేదు. పూర్తిగా ఆరాక 220 నంబర్ శాండ్‌పేపర్‌తో పైపైన రుద్ది రెండో కోటు వేయండి. ఎండీఎఫ్ (చెక్క నారని జిగురుతో కలిపి అదిమి చేసే పలక) అయితే అంచులు ఉబ్బుతాయి, వాటికి ముందే ప్రైమర్ పట్టించాలి. ఎండీఎఫ్ బొమ్మని వానలో అస్సలు పెట్టకూడదు.

రంగు పొరలుగా లేస్తోంది, లేదా ఎంతకీ బంక వదలడం లేదు

ఈస్టర్ మార్చి 22కీ ఏప్రిల్ 25కీ మధ్య ఎప్పుడైనా వస్తుంది. అంటే రంగు వేసేటప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో గ్యారేజీ ఇంకా చల్లగానే ఉంటుంది. సుమారు 10 డిగ్రీల సెల్సియస్ కంటే, అంటే 50 ఫారెన్‌హీట్ కంటే చలి ఉంటే అక్రిలిక్ రంగు సరిగ్గా పొర కట్టదు. పైకి ఆరినట్టే ఉంటుంది, గోరు తగిలితే ఊడి వస్తుంది. లేచినదంతా గీకి, రుద్ది, ఇంట్లో వెచ్చటి గదిలో మళ్లీ పల్చటి కోట్లు వేయండి. ఒకే మందపాటి కోటుతో పని ముగిద్దామనుకున్నా బంక మిగులుతుంది.

వార్నిష్ వేయగానే మీసాలు చెదిరిపోయాయి

మీసాలు గీసిన మార్కర్ ఇంకు వార్నిష్‌లో కరిగింది. చెదిరిన చోట తెల్ల రంగు వేసి, అది ఆరాక ఈసారి అక్రిలిక్ పెయింట్ పెన్నుతో గీయండి. పైన వార్నిష్ బ్రష్‌తో కాకుండా స్ప్రేతో, దూరం నుంచి పల్చగా కొట్టండి.

తెల్ల కుందేలు పసుపెక్కింది

ఆయిల్ వార్నిష్ వాడారు. తెలుపు మీద నీళ్ల ఆధారిత క్లియర్ కోటే వేయాలి. ఇప్పుడైతే రుద్ది, ప్రైమర్ వేసి, మళ్లీ తెల్ల రంగు వేయడం తప్ప దారి లేదు.

గాలికి పడిపోతోంది

పాదం ఇరుకైంది. అడుగున వెడల్పాటి పలక పెట్టి, కింది నుంచి రెండు స్క్రూలు బిగించండి. ఒక్కటే పెడితే బొమ్మ తిరిగిపోతుంది. చెక్క చీలకుండా ముందు సన్నగా రంధ్రం చేసుకోండి.