టీ వేళ మార్చాక తగ్గిన నీరసం

బెంగళూరు మారతహళ్ళిలో మా పీజీ హాస్టల్ మూడో అంతస్తు ఎక్కేసరికి గుండె దడదడలాడేది. దువ్వెన నిండా జుట్టే. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. ఆడవాళ్ళకి కనీసం 12 ఉండాలి.

"రోజూ ఆకుకూరలు తింటూనే ఉన్నాను మేడం" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

"తిన్నాక ఏం తాగుతావమ్మా?" అని అడిగారు డాక్టరు గారు.

టీ. పొద్దున ఇడ్లీతో ఒకటి, మధ్యాహ్నం అన్నం తినగానే ఇంకొకటి. చిక్కంతా అక్కడే ఉంది. హిమోగ్లోబిన్ తయారీకి ఇనుము కావాలి. ఆకుకూరలు, పప్పుల్లోని ఇనుము అసలే ఒంటికి కొద్దిగా పడుతుంది. టీకి వగరునిచ్చే టానిన్లు దాన్ని పేగుల్లోనే పట్టేసుకుని చాలావరకు రక్తంలోకి పోనివ్వవు. సి విటమిన్ తోడుంటే మాత్రం అదే ఇనుము తేలిగ్గా లోపలికి వెళ్తుంది.

ఆవిడ రాసిన ఐరన్ మాత్రలు వేసుకుంటూ, టీని భోజనానికి గంటన్నర దూరం జరిపాను. అలవాటైన వేళకి టీ పడక మొదటి వారం తలనొప్పితో చచ్చేంత పనైంది. తోటకూర పప్పు కంచంలో వడ్డించుకున్నాకే అరచెక్క నిమ్మకాయ పిండేదాన్ని, పొయ్యి మీద పిండితే ఆ వేడికి సి విటమిన్ కొంత పోతుంది కాబట్టి. అమ్మ అనంతపురం నుంచి ఉసిరికాయలు కూడా పంపింది.

మూడు నెలలకి 11.8 అయింది. ఒంట్లో ఇనుము నిల్వలు నిండాలని మాత్రలు ఇంకొన్నాళ్ళు వేసుకోమన్నారు. మెట్లు మాత్రం ఇప్పుడు ఆగకుండా ఎక్కుతున్నాను.