నాన్నగారి వినికిడి యంత్రం: ప్రభుత్వానిదా, ప్రైవేటుదా?

తక్కువ ఆదాయం గల 60 ఏళ్లు దాటినవారికి 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వినికిడి యంత్రం ఉచితంగా ఇస్తారని తెలిసినా, దుకాణంలో చూపిన ఖరీదైనదే మేలేమోనని ఇంట్లో చాలా తర్జనభర్జన పడ్డాము. ఈఎన్‌టీ వైద్యుని చేత గులిమి తీయించి, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించాక, చెవి వెనుక పెట్టుకునే మామూలు యంత్రం చాలునని తేలడంతో ఆ పథకం శిబిరంలో ఇచ్చినదే తీసుకున్నాము.

అయితే నాన్నగారు అన్నం నములుతున్నప్పుడల్లా అది కుయ్యిమని కూత పెట్టేది. చెవిలో టిప్ వదులుగా ఉండడంతో శబ్దం బయటికి వచ్చి మళ్లీ మైకులోకే పోతోందని ప్రైవేటు ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుడు) చెప్పి, చెవి అచ్చు తీసి దానికి సరిపోయే మౌల్డు (చెవిలో బిగుతుగా కూర్చునే తొడుగు) చేయించగానే ఆ కూత ఆగిపోయింది. డబ్బు పెట్టవలసింది ఇటువంటి అమరికకేనని, ఖరీదైన యంత్రానికి కాదని నా గట్టి అభిప్రాయం. యంత్రంలో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీకి స్టిక్కరు తీశాక కాసేపు గాలి తగలనిచ్చి అమర్చాలని కూడా ఆ ఆడియాలజిస్టే చెప్పారు.