డిప్రెషన్ మన వంశంలో ఉందా? మూడు తరాల పటం గీసుకునే పద్ధతి

"అమ్మకు డిప్రెషన్ ఉండేది, నాకూ వస్తుందా?" అన్న ప్రశ్నకు జన్యు పరీక్షకని ఉమ్మి నమూనా ల్యాబుకు పంపితే దొరికే జవాబు కంటే, ఒక తెల్లకాగితం, పెన్సిల్ పట్టుకుని ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర కూర్చుంటే దొరికేదే ఎక్కువ.

ముందు అంకెల సంగతి. కవలల మీద జరిగిన అధ్యయనాలను 2000లో కలిపి లెక్కకడితే డిప్రెషన్‌కు వంశపారంపర్యత సుమారు 37 శాతమని తేలింది. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. మీకు వచ్చే అవకాశం 37 శాతం అని కాదు దానర్థం. జనంలో ఒకరికి జబ్బు వచ్చి ఇంకొకరికి రాకపోవడంలో కనిపించే తేడాకు జన్యువుల వాటా అంత అని మాత్రమే. మీకు పనికొచ్చే లెక్క వేరే ఉంది: అమ్మానాన్నల్లోనో, తోబుట్టువుల్లోనో ఒకరికి ఉంటే ముప్పు రెండు మూడు రెట్లు. లేనివాళ్లలో నూటికి 10 మందికి వస్తుందనుకుంటే, ఉన్నవాళ్లలో 20 నుంచి 30 మందికి. మిగతా 70, 80 మందికి రాదన్నది కూడా అదే లెక్క.

ఇక పటం. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా, చనిపోయినవాళ్ల మీద ఏటవాలు గీత. అడుగు వరుసలో మీరు, తోబుట్టువులు. దాని మీద అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు. పైన నలుగురు తాతామామ్మలు. ఇక్కడ మన పిలుపులే తికమక పెడతాయి. అమ్మ అన్నదమ్ములనూ మామయ్య అంటాం, మేనత్త భర్తనూ మామయ్యే అంటాం. మొదటివాళ్లది రక్తసంబంధం, రెండో ఆయనది కాదు. పిన్ని, బాబాయి విషయమూ అంతే. పిలుపు చూసి కాక, ఎవరి బిడ్డో అడిగి గీయండి. జబ్బు లేనివాళ్లనూ వదలొద్దు. ముగ్గురిలో ఒకరికి రావడం వేరు, పదిమందిలో ఒకరికి రావడం వేరు.

"డిప్రెషన్ ఎవరికైనా ఉందా?" అని అడిగితే లేదనే అంటారు. వారాల తరబడి మంచం దిగనివాళ్లున్నారా, ఉన్నట్టుండి పని మానేసి ఇంట్లో కూర్చున్నదెవరు, కాన్పయ్యాక బిడ్డ వంక చూడనిదెవరు, ఏళ్లపాటు నిద్రమాత్రలు మింగిందెవరు అని అడగండి. "బెంగ పెట్టుకుంది", "మనాది పట్టింది", "నరాల బలహీనత" అంటే ఆ మాటనే రాసుకోండి, మీరు రోగనిర్ధారణ చేయకండి. ఆ నరాల బలహీనత థైరాయిడ్ లోపమై ఉండొచ్చు. అదీ కుటుంబాల్లో నడిచేదే కాబట్టి మీకూ ఆ పరీక్ష చేయించాలా అని డాక్టర్‌ని అడగాల్సి వస్తుంది.

ఒక్కొక్కరి పక్కన మొదట ఏ వయసులో వచ్చింది, ఎన్నిసార్లు తిరగబెట్టింది, ఏ మందుకు కుదుటపడ్డారు రాయండి. ముప్పైలోపే మొదలై మళ్లీ మళ్లీ వచ్చిన డిప్రెషన్‌లో వంశం పాత్ర ఎక్కువ. డెబ్బై దాటాక పక్షవాతం వెంట వచ్చినదాన్ని అంత బరువుగా చూడనక్కర్లేదు.

రెండింటిని ఎర్ర సిరాతో రాయండి. ఒకటి, రోజుల తరబడి నిద్ర లేకున్నా అలసట లేకుండా, ఆగకుండా మాట్లాడుతూ, విచ్చలవిడిగా ఖర్చు పెట్టినవాళ్లు. అది బైపోలార్ (కొన్నాళ్లు డిప్రెషన్, కొన్నాళ్లు ఇలాంటి ఉన్మాదం వచ్చే జబ్బు) కావచ్చు. ఆ ధోరణి ఉన్నవాళ్లకు డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం రేగే ప్రమాదం ఉంది. డాక్టర్ మందు రాయకముందే ఈ మాట చెప్పాలి. రెండోది ఆత్మహత్య. డిప్రెషన్‌తో నిమిత్తం లేకుండా ఇది విడిగానే లెక్కకొచ్చే ముప్పు. చాలా ఇళ్లలో దీన్ని ప్రమాదమనే చెబుతారు. గుచ్చి అడగొద్దు, ప్రశ్నార్థకం పెట్టి ముందుకెళ్లండి.

మరి జన్యు పరీక్షలు? సెరటోనిన్ అనే మెదడు రసాయనాన్ని మోసే జన్యువులో ఒక రకం ఉన్నవాళ్లకు కష్టాలొస్తే డిప్రెషన్ ఎక్కువగా వస్తుందని చెప్పిన 2003 నాటి పరిశోధన పెద్ద సంచలనం. 2019లో ఆ జన్యువుతో సహా పేరుమోసిన 18 జన్యువులను లక్షలాది మందిలో పరీక్షిస్తే, యాదృచ్ఛికంగా ఎంచిన జన్యువుల కంటే అవి మెరుగ్గా ఏమీ చెప్పలేకపోయాయి. అదే ఏడాది 8 లక్షల మందికి పైగా సమాచారంతో చేసిన అధ్యయనంలో 102 జన్యు తేడాలు బయటపడ్డాయి. ఒక్కొక్కదాని ప్రభావం రవ్వంత. అన్నిటినీ కూడి ఇచ్చే స్కోరూ ఎక్కువగా ఐరోపా మూలాలున్నవాళ్ల సమాచారంతో తయారైంది కనుక ఇతరుల విషయంలో ఇంకా బలహీనం. ఒక్క జన్యువు చూపి "మీకు ముప్పుంది" అనే కిట్‌కు డబ్బు దండగ. సీవైపీ2సీ19, సీవైపీ2డీ6 అనే కాలేయ ఎంజైముల జన్యు పరీక్షల సంగతి వేరు. అవి ముప్పును కాక, కాలేయం మందును ఎంత వేగంగా విరగ్గొడుతుందో చెబుతాయి. మొదటి ఎంజైము మందకొడిగా ఉన్నవాళ్లకు సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మందు రోజుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు.

పటంలో ముప్పు కనిపిస్తే డిప్రెషన్ లక్షణాలను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి దగ్గర పెట్టుకోండి. గడిచిన రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 వచ్చినా, దాటినా డాక్టర్‌ని కలవాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకపోతే మొత్తం ఎంతైనా సరే, ఆ రోజే వెళ్లాలి. గర్భం దాలిస్తే మొదటి చెకప్‌లోనే పటం చూపించండి. అప్పటికే మందు వాడుతుంటే సొంతంగా ఆపేయకండి. క్రమం తప్పని వ్యాయామం జన్యు ముప్పు ఎక్కువున్నవాళ్లలోనూ మేలు చేస్తుంది.

పటంలో పేర్లు వద్దు. "అమ్మ చెల్లెలు, రెండో ఆమె" అంటే డాక్టర్‌కు చాలు. అది వాళ్ల గుట్టు కూడా, కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.