తెలుగు ఇండీ బ్యాండ్ పాటని పదిమందికీ చేర్చడం ఎలా

సినిమా పాట కాకపోతే తెలుగువాళ్లు వినరని ఎవరైనా అంటే నమ్మకండి. ఆకాశవాణిలో లలిత గీతాలు, 'ఈ మాసపు పాట' విని నేర్చుకుని పాడుకున్న ఇళ్లు మనవి, ఇప్పుడు చౌరస్తా, కాప్రిసియో లాంటి ఇండీ బ్యాండ్లకీ, అంటే సినిమాకి బయట సొంతంగా నడిచే బ్యాండ్లకీ అభిమానులున్నారు. కాబట్టి వినేవాళ్లకి కొదవ లేదు, మీ పాట వాళ్ల దాకా వెళ్లే దారే చూసుకోవాలి.

ముందు ఒక్క పాట ఎంచుకోండి. ఆల్బమ్ మొత్తం రెడీగా ఉన్నా సరే, ఒక్కటే. మెలొడీ మీద నడిచే బ్యాండ్‌కి ట్యూనే ఆస్తి, అందుకే బ్యాండ్‌తో సంబంధం లేని నలుగురి ముందు ఒక్క గిటార్‌తో పల్లవి రెండుసార్లు పాడి, కాసేపు వేరే కబుర్లలో పడి, ఆ తర్వాత ఎవరైనా దాన్ని కూనిరాగం తీస్తున్నారేమో గమనించండి. 'బావుంది' అన్న మాటని లెక్కలోకి తీసుకోవద్దు, స్నేహితులు ఎప్పుడూ అదే అంటారు. ఒక్క పాట మీదే పట్టుబట్టడానికి డబ్బు కారణం కూడా ఉంది. 2024 నుంచి స్పాటిఫైలో గడిచిన 12 నెలల్లో కనీసం 1000 స్ట్రీమ్స్ రాని పాటకి రికార్డింగ్ రాయల్టీ రాదు, అంటే పది పాటలు తలా మూడొందల దగ్గర ఆగిపోతే చేతికి ఏమీ రానట్టే.

మిక్స్‌లో గొంతు ముందుండాలి, మాట స్పష్టంగా వినపడాలి. మాస్టరింగ్‌లో సౌండ్ బాగా పెంచెయ్యమని అడగొద్దు, స్పాటిఫై మామూలుగా అన్ని పాటల్నీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (పాట ఎంత బిగ్గరగా వినపడుతుందో కొలిచే లెక్క) దగ్గరికి తెచ్చే వినిపిస్తుంది కాబట్టి నలిగిపోయిన పాట తప్ప మీకు మిగిలేది ఉండదు.

పాటని స్ట్రీమింగ్ యాప్‌లకి చేర్చే ట్యూన్‌కోర్, డిస్ట్రోకిడ్ లాంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా నెల ముందే అప్‌లోడ్ చేసేయండి. కళాకారుల కోసం ఉన్న స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో, పాటని ప్లేలిస్టులోకి తీసుకోమని ఎడిటర్లకి పిచ్ పంపే అవకాశం రిలీజ్ కాని పాటకే ఉంటుంది, కనీసం 7 రోజుల ముందు పంపితే మిమ్మల్ని ఫాలో అయ్యేవాళ్ల రిలీజ్ రాడార్ అనే కొత్త పాటల ప్లేలిస్టులోకీ పాట వెళ్తుంది. రాత్రి పాట పూర్తయింది, పొద్దున్నే పెట్టేద్దాం అనే తొందరలో చాలామంది దీన్ని చేజేతులా వదులుకుంటున్నారు, నాకు నిజంగా బాధేస్తుంది.

అందరూ తేలిగ్గా తీసుకునేది స్పెల్లింగ్. పాట పేరు 'వెన్నెల' అనుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు రెండు ఎన్‌లు పెడతారు, ఇంకొకరు ఒకటే పెడతారు, మూడోవాళ్లు చివర ఇంకో ఏ తగిలిస్తారు. మీరు యూట్యూబ్‌లో ఒకలా, స్పాటిఫైలో ఇంకోలా, పోస్టర్ మీద మరోలా రాస్తే వెతికినవాళ్లకి దొరకదు. ఒక్క స్పెల్లింగ్ ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడండి. యూట్యూబ్ టైటిల్‌లో తెలుగు లిపిలోనూ పేరు ఉండాలి, డిస్క్రిప్షన్‌లో సాహిత్యం రెండు లిపుల్లోనూ పెట్టండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగే పిల్లల్లో తెలుగు మాట్లాడగలిగినా చదవలేనివాళ్లు ఎక్కువ, వాళ్లు కలిసి పాడాలంటే ఇదే ఆధారం.

స్టూడియోకి వెళ్లేముందే మాటలు ఎవరివి, ట్యూన్ ఎవరిది, ఎవరికి ఎంత శాతం అన్నది కాగితం మీద రాసుకుని అందరూ సంతకం పెట్టండి. రాసినవాళ్లు, ట్యూన్ కట్టినవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులుగా చేరి పాటని నమోదు చేయాలి. 1969 నుంచి ఉన్న సంస్థ అది, రచయితలకీ స్వరకర్తలకీ రావాల్సిన రాయల్టీ వసూలు చేసి పంచుతుంది. పాట పేరు తెచ్చుకున్నాక ఈ లెక్క తేల్చుకుందామంటే స్నేహాలే పోతాయి.

ఇక కవర్లు, అంటే వేరేవాళ్ల పాటల్ని మీరు పాడటం, వాటి సంగతి. స్టేజి మీద సొంత పాటల మధ్య రెండు తెలిసిన పాటలు పాడితే జనం దగ్గరవుతారు, మంచిదే. కానీ ఛానెల్ మొత్తం సినిమా కవర్లతో నింపితే హక్కులున్న పాటల్ని గుర్తుపట్టే యూట్యూబ్ కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడి ఆదాయం సాధారణంగా ఆడియో కంపెనీకి పోతుంది, శ్రోత కూడా ఆ పాత పాటనే గుర్తు పెట్టుకుంటాడు.

స్టేజి మాత్రం వదలొద్దు. హైదరాబాద్‌లో అయితే బంజారాహిల్స్ లామకాన్ లాంటి చిన్న చోట్ల మొదలుపెట్టండి, కూర్చుని శ్రద్ధగా వినేవాళ్లు అక్కడ దొరుకుతారు. వరంగల్ ఎన్‌ఐటీ స్ప్రింగ్ స్ప్రీ, బిట్స్ హైదరాబాద్ పెర్ల్ లాంటి కాలేజీ ఫెస్టుల కమిటీల్లో ఉండేది విద్యార్థులే, పెద్ద ప్రొఫైల్ చదివే తీరిక వాళ్లకి ఉండదు. ఒకే కెమెరాతో, ఎడిటింగ్ లేకుండా తీసిన రెండు నిమిషాల లైవ్ వీడియో, ఎన్ని మైకులు, ఎన్ని లైన్లు కావాలో రాసిన ఒక పేజీ పంపండి, చాలు. సౌండ్ చెక్‌కి అరగంటే ఇస్తే ముందు గొంతుల మానిటర్లు (స్టేజి మీద పాడేవాళ్లకి వినిపించే స్పీకర్లు) సరిచేయించుకోండి, హార్మొనీలు పాడే బ్యాండ్‌లో ఒకరికొకరు వినపడకపోతే శ్రుతి తప్పడం ఖాయం.

డబ్బిస్తే లక్ష స్ట్రీమ్స్ గ్యారంటీ అనేవాళ్ల జోలికి అస్సలు పోవద్దు. అవి మనుషులు కాక ప్రోగ్రాములు నడిపే బాట్ స్ట్రీమ్స్, బయటపడితే పాటే తీసేస్తారు.

రిలీజ్ అయ్యాక ఆరు నెలలు అదే పాటని మోయండి. ఇంట్లో కూర్చుని పాడిన అకౌస్టిక్ వెర్షన్, చరణం వెనక కథ, హార్మొనీ ఎలా కట్టారో చూపించే రీల్, ఇలా వారానికొకటి వదలండి. స్పాటిఫై ఫర్ ఆర్టిస్ట్స్‌లో ఏ ఊళ్లో ఎంతమంది వింటున్నారో కనపడుతుంది, విశాఖ పైకి వస్తే తర్వాతి షో అక్కడ అడగండి, అమెరికా ఊరైతే అక్కడి తెలుగు సంఘానికి ఉగాదికి మూడు నెలల ముందే మెయిల్ పెట్టండి. ప్రతి షోలో స్టేజి పక్కన మీ వాట్సాప్ ఛానెల్ క్యూఆర్ కోడ్ పెద్దదిగా అంటించి, ఆఖరి పాటకి ముందు మైకులో చెప్పండి, ఆఖరి పాట అయ్యాక జనం లేచి వెళ్లిపోతారు.