స్టెల్లారిస్ నేర్చుకుందాం – 4వ పాఠం: గుడి కట్టే ముందు

స్టెల్లారిస్ అంటే అంతరిక్షంలో సామ్రాజ్యాన్ని నడిపే కంప్యూటర్ ఆట. పోయిన పాఠంలో సామ్రాజ్యాన్ని తయారుచేసే స్క్రీన్ దగ్గర ఆగాం. ఎథిక్స్‌కి, అంటే సామ్రాజ్యం నమ్మే విలువలకి, మన చేతిలో ఉండేవి 3 పాయింట్లే అనీ, మామూలు ఎథిక్‌కి ఒకటి, దాని తీవ్ర రూపమైన ఫెనాటిక్‌కి రెండు పోతాయనీ చెప్పుకున్నాం. ఈ పాఠానికి ఫెనాటిక్ స్పిరిచువలిస్ట్ (భక్తి మార్గం) తీసుకోండి. మిగిలిన ఒక్క పాయింట్ జెనోఫైల్‌కి (పరాయి జాతులను ఆదరించే ఎథిక్) పెట్టండి. ప్రభుత్వం ఒలిగార్కీ, అంటే కొద్దిమంది పెద్దల పాలన. సివిక్స్‌లో (ప్రభుత్వానికి మనం ఎంచుకునే ప్రత్యేక లక్షణాలు) ఎగ్జాల్టెడ్ ప్రీస్ట్‌హుడ్ తప్పనిసరి, రెండోది మీ ఇష్టం. ఇంపీరియల్ కల్ట్ అనే ఇంకో సివిక్ పేరు చూసి మనసు అటు లాగుతుంది, నాకూ లాగింది. కానీ దానికి అథారిటేరియన్ ఎథిక్, వంశపారంపర్య రాజరికం రెండూ కావాలి. మొదటి ఆటకి అంత పటాటోపం వద్దు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ ఆట 2016 మేలో వచ్చింది. అప్పటి నుంచి ప్యాచ్ ప్యాచ్‌కీ లెక్కలు మారుతూనే ఉన్నాయి. అందుకే ఏ ఉద్యోగం నెలకి ఎంత ఇస్తుందో ఇక్కడ రాయడం లేదు. దాని మీద మౌస్ ఆనించండి, మీ వెర్షన్‌లో లెక్క ఎంతో అదే చూపిస్తుంది. మనం నేర్చుకోవాల్సింది ఏది దేన్ని తింటుందో.

స్పిరిచువలిస్ట్ సామ్రాజ్యానికి ప్రాణం యూనిటీ. దీన్ని హుండీ అనుకోండి. మినరల్స్‌లాగా మార్కెట్లో అమ్మడానికీ కొనడానికీ కుదరదు, కానీ ట్రెడిషన్లు, అంటే సామ్రాజ్యానికి ఎప్పటికీ ఉండిపోయే లాభాలు, దీంతోనే తెరుచుకుంటాయి. 2022లో వచ్చిన 3.3 అప్‌డేట్ తర్వాత నాయకులను పెట్టుకోవడానికీ ఇదే ఖర్చవుతోంది. ఒక ట్రెడిషన్ ట్రీ (ఒకే కోవకి చెందిన ట్రెడిషన్ల గుంపు) పూర్తిచేస్తే ఒక అసెన్షన్ పెర్క్, అంటే ఇంకా పెద్ద లాభం, వస్తుంది. సామ్రాజ్యం పెరిగేకొద్దీ ట్రెడిషన్ల ధర కూడా పెరుగుతుంది. అంటే యూనిటీ ఎంత తొందరగా వస్తే అంత చవక.

యూనిటీ ఇచ్చేది పూజారులు. పూజారులు ఉండేది గుడిలో. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది, అందుకే అందరూ వెంటనే గుళ్లు కట్టేస్తారు. నేనూ అదే చేశాను. నా మొదటి ఆటలో రాజధానిలో రెండు, కొత్త కాలనీలో ఒకటి, మొత్తం మూడు గుళ్లు కట్టి, కాలం వేగం పెంచి టీ పెట్టుకోవడానికి వెళ్లాను. వచ్చి చూస్తే పైన పట్టీలో కన్స్యూమర్ గూడ్స్ (జనం వాడుకునే సరుకులు) అంకె ఎర్రగా ఉంది. నిల్వ కరుగుతోంది. ఇంకొన్నాళ్లకి సున్నా అయింది, జనంలో అసంతృప్తి మొదలైంది, దాంతో స్థిరత్వం దిగింది. స్థిరత్వం దిగాక ఉత్పత్తీ దిగింది. భక్తి పెంచుదామని మొదలుపెట్టి రాజధానిలోనే గొడవ తెచ్చుకున్నాను.

జరిగింది ఇదీ. పూజారి గాలి పీల్చి బతకడు, అతని ఉద్యోగం నెలనెలా కన్స్యూమర్ గూడ్స్ తింటుంది. కన్స్యూమర్ గూడ్స్ చేసేవాళ్లు ఆర్టిజన్లు, వాళ్లు మినరల్స్ తింటారు. మినరల్స్ తవ్వేది గనిలో పనివాళ్లు. కాబట్టి గుడికి పునాది గనిలో పడాలి. వరస ఎప్పుడూ కింది నుంచి పైకి: మైనింగ్ డిస్ట్రిక్ట్, తర్వాత ఆర్టిజన్లకి పనిచ్చే చోటు, ఆ తర్వాతే గుడి. గుడి కట్టమని బటన్ నొక్కే ముందు ఆట పాజ్ చేసి పట్టీలో కన్స్యూమర్ గూడ్స్ నెలవారీ అంకె చూడండి. కొత్త పూజారులు తినేది తీసేశాక కూడా అది ప్లస్‌లో ఉంటేనే నొక్కండి. అప్పటికే ఎర్రబడి ఉంటే కంగారుపడి గుడి పడగొట్టకండి. మార్కెట్లో నెలవారీ కొనుగోలు పెట్టి ఊపిరి తీసుకోండి. ఈలోగా ఒక గ్రహం డిజిగ్నేషన్‌ని, అంటే ఆ గ్రహం ముఖ్యంగా ఏ పని చేయాలో చెప్పే గుర్తుని, ఫ్యాక్టరీ వరల్డ్‌కి మార్చండి. నాలుగైదు ఏళ్లలో, అంటే ఆటలో ఏళ్లే లెండి, సర్దుకుంటుంది.

గుడితో ఇంకో లాభం ఉంది. పూజారులు ఎమెనిటీస్ (జనానికి సౌకర్యాలు) కూడా ఇస్తారు. జనం సుఖంగా ఉండటానికి వేరే బిల్డింగ్ కట్టాల్సిన అవసరం కొన్నాళ్లు వాయిదా పడుతుంది. పైగా చుట్టూ ఉన్నవాళ్లు స్పిరిచువలిస్ట్ ఎథిక్ వైపు మెల్లగా మొగ్గుతారు.

ఇక ఫ్యాక్షన్, అంటే ఒకే ఎథిక్‌ని నమ్మే జనం కట్టుకునే వర్గం. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఇక్కడ అది అక్షరాలా జరుగుతుంది. మీ సామ్రాజ్యం స్పిరిచువలిస్ట్ అయితే చాలదు, దాని లోపల పుట్టే స్పిరిచువలిస్ట్ ఫ్యాక్షన్ కూడా మెచ్చాలి. మెచ్చితే దాని నుంచీ యూనిటీ వస్తుంది. ఆ ఫ్యాక్షన్‌కి అసలు పడనిది రోబో.

కొత్తవాళ్లు జారిపడేది ఇక్కడే. రోబోటిక్ వర్కర్స్ టెక్నాలజీ కార్డు వస్తుంది, గనుల్లో మనుషులు చాలడం లేదు, తీసేసుకుందాం అనిపిస్తుంది. తీసుకోకండి. తర్వాత మనసు మార్చుకుని పాలసీల్లో రోబోలను నిషేధించవచ్చు, కానీ అప్పటికి కట్టిన రోబోలన్నీ పోతాయి, గని మళ్లీ ఖాళీ అవుతుంది. పాలసీ ఒకసారి మారిస్తే 10 ఏళ్లదాకా మళ్లీ ముట్టుకోలేం. మనుషులు చాలకపోతే మనకి వేరే దారి ఉంది. జెనోఫైల్ తీసుకున్నది ఊరికే కాదు, పొరుగు జాతులతో మైగ్రేషన్ ఒప్పందాలు చేసుకోండి. వాళ్లు వచ్చి పనిచేస్తారు, గుడికీ వస్తారు.

ట్రెడిషన్ ట్రీలలో మొదట ప్రాస్పెరిటీ, తర్వాత హార్మొనీ అని నా సలహా. హార్మొనీయే ముందు అనేవాళ్లూ ఉన్నారు, వాళ్లతో నాకు పేచీ లేదు. ఒక్కటి మాత్రం పట్టుకోండి: ట్రీలకి ఉన్నవి 7 ఖాళీలే. యుటోపియా డీఎల్‌సీ (విడిగా కొనుక్కునే అదనపు భాగం) ఉంటే ఆ 7లో ఒకటీ, పెర్క్ ఖాళీ ఒకటీ వదిలిపెట్టండి. మైండ్ ఓవర్ మ్యాటర్ పెర్క్‌కీ, దాని వెనకాల తెరుచుకునే సయానిక్స్ (మనోశక్తుల) ట్రీకీ అవి కావాలి.

మ్యాప్‌లో తిరుగుతుంటే ప్రిస్టీన్ జ్యువెల్, ప్రాఫెట్స్ రిట్రీట్ లాంటి పేర్లతో పచ్చని గయా గ్రహాలు కనిపించవచ్చు. గయా అంటే ఏ జాతికైనా నూటికి నూరు పాళ్లు సరిపోయేది, నోరూరుతుంది. కానీ అవి హోలీ గార్డియన్స్ అనే ముసలి సామ్రాజ్యం పూజించే గ్రహాలు. మనమూ భక్తులమే కదా అని కాలనీ వేయకండి. వాళ్ల నౌకాదళం ముందు 2230ల్లో మీ నౌకలు ఒక్క పూట కూడా నిలవవు.

అభ్యాసం: ఆట 2200 జనవరి 1న మొదలవుతుంది. 2230 వరకు ఆడండి. ఒక కాగితం మీద మూడే రాసుకోండి: ప్రతి గుడి కట్టిన తేదీ, ఆ రోజు కన్స్యూమర్ గూడ్స్ నెలవారీ అంకె, మొదటి ట్రీ పూర్తయిన తేదీ. అంకె ఎర్రబడిన చోట గీత గీయండి. తర్వాత అదే సేవ్‌ని మొదటి నుంచి, గుళ్లను కొంచెం ఆలస్యంగా కడుతూ మళ్లీ ఆడి, రెండు ఆటల్లో మొదటి ట్రీ పూర్తయిన తేదీలను పక్కపక్కన పెట్టుకోండి.

5వ పాఠంలో ష్రౌడ్‌లోకి, అంటే మనోశక్తులున్నవాళ్లు చేరుకోగల మాయలోకంలోకి, వెళ్తాం. అక్కడ ఎండ్ ఆఫ్ ది సైకిల్ అనేవాడు ఎదురై 50 ఏళ్ల వైభవం ఇస్తానంటాడు. ఆ 50 ఏళ్లు అయ్యాక ఏం వసూలు చేస్తాడో అప్పుడు చూద్దాం. ఈలోగా మీ ఆటలో ఎదురైతే వద్దని చెప్పి బయటికి వచ్చేయండి.