గోలీ వేసుకున్నా పని చేస్తలేదా? ముందు ఇవి చూడండి

మందు మార్చమని దవాఖానకు ఉరికే ముందు, అది ఒంట్లోకి ఎట్లా పోతోందో ఒకసారి చూడండి. చాలాసార్లు తేడా అక్కడే ఉంటుంది.

సమస్య: రోజూ థైరాయిడ్ గోలీ వేసుకుంటున్నా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్షలో చూసే హార్మోన్ లెక్క) దిగడం లేదు.

కారణం: ఈ మందు చిన్నపేగులోంచి రక్తంలోకి ఎక్కాలి. కడుపులో తిండో కాఫీయో ఉంటే సరిగా ఎక్కదు, కాల్షియం, ఐరన్ గోలీలైతే దాన్ని పట్టేసుకుని పేగులోనే ఆపేస్తాయి. మన నల్లగొండ వైపు కీళ్లనొప్పులకని కాల్షియం వాడేవాళ్లు తక్కువేం కాదు, పొద్దున్నే అన్ని గోలీలూ ఒకే గుక్కలో మింగేసి పనైపోయిందనుకుంటారు.

పరిష్కారం: పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి, ఆ తర్వాత అరగంట నుంచి గంట దాకా చాయ్ కూడా ముట్టొద్దు (అసలు కష్టం ఇదే). కాల్షియం, ఐరన్‌కు 4 గంటల ఎడం ఇవ్వండి. పది రోజులకే మళ్లీ టెస్ట్ చేయిస్తే డబ్బులు దండగ, మార్పు తెలియడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది.

సమస్య: ఇన్సులిన్ డోసు అదే, తిండి అదే, షుగర్ మాత్రం ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ.

కారణం: బొడ్డు పక్కన ఒకే చోట పొడిచీ పొడిచీ చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ సూది నొప్పి తెలియదు కాబట్టి మళ్లీ అక్కడే పొడుస్తారు, మందేమో ఒక్కోరోజు ఒక్కో తీరుగా ఎక్కుతుంది.

పరిష్కారం: వేళ్లతో తడిమి చూడండి, గడ్డ తగిలిన చోటు వదిలేయండి, సూది సూదికీ వేలెడు దూరం జరగండి. కొత్త చోట మందు బాగా ఎక్కి షుగర్ ఒక్కసారే పడిపోవచ్చు, అందుకే మార్చే ముందు డాక్టర్‌కు చెప్పాలి. మే నెలలో మిర్యాలగూడ ఎండకు బండి డిక్కీలో పెట్టిన ఇన్సులిన్ మీద కూడా ఆశ పెట్టుకోకండి.

సమస్య: మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ (మెల్లగా కరిగే షుగర్ మందు) గోలీ దొడ్డికి పోయినప్పుడు అట్లనే బయటపడింది.

కారణం: లోపలి మందు మెల్లగా కరిగి ఎక్కేసింది, మిగిలింది ఖాళీ డొల్ల. టెన్షన్ వద్దు. పెద్దగా ఉందని నూరి మాత్రం వేసుకోవద్దు, రోజంతా మెల్లగా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

సమస్య: డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) వేసుకున్నాక ఛాతీలో మంట.

కారణం: గుటకెడు నీళ్లతో మింగి పడుకుంటే అది అన్నవాహికలోనే అతుక్కుని పుండు చేస్తుంది. నిండు గ్లాసు నీళ్లు తాగి, కనీసం అరగంట కూర్చోండి. మంట తగ్గకపోయినా, మింగుతుంటే నొప్పి పుట్టినా డాక్టర్‌కు చూపించాలి.